ఫాస్ఫేట్‌ని రాత్రికి రాత్రే సున్నా చేయకండి

పగడాలూ చేపలూ ఉండే ఉప్పునీటి అక్వేరియం ట్యాంకులు పెంచేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది: "ఫాస్ఫేట్ విషం. దాన్ని తీసేసే లాంథనం క్లోరైడ్ మందు ఒక మూతెడు పోయండి. తెల్లారేసరికి సున్నా, ఇక నాచు రాదు." ఇందులో ఒక్క మాట కూడా నిలవదు.

ఫాస్ఫేట్ విషం కాదు. ఫాస్ఫరస్ లేకుండా ఏ కణమూ బతకదు. పగడంలో కాపురముండి దానికి అన్నం పెట్టే సూక్ష్మ శైవలాలకీ అది కావాలి. నైట్రేట్ ఎక్కువగా ఉండి ఫాస్ఫేట్ కరువైతే పగడాలు వేడికీ వెలుతురుకీ తొందరగా తెల్లబడతాయని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లోనే చూపించారు. 0.03 నుంచి 0.1 పీపీఎం (పది లక్షల్లో వంతులు) మధ్య ఉంటే చాలు. సున్నా చేస్తే నాచు పోవచ్చేమో గానీ, దాని చోట బుడగలతో జిగురుగా వేలాడే గోధుమరంగు డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు) దిగొచ్చు. వాటితో పోలిస్తే నాచే నయం.

"తెల్లారేసరికి" అన్నదే నాకు అసలు భయం. మా ట్యాంకులో 0.42 ఉంటే టెన్షన్ పడి జీఎఫ్ఓ (ఫాస్ఫేట్‌ని పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) మోతాదుకి మించి వేశాను. రెండు రోజుల్లో 0.05కి వచ్చింది. మూడోరోజు పొద్దున చూస్తే అక్రోపోరా అనే కొమ్మల పగడం అడుగుభాగంలో చర్మం ఊడి తెల్లటి అస్థిపంజరం కనిపిస్తోంది. సాయంత్రానికి సగం కొమ్మ పోయింది. లాంథనం ఇంకా చురుకైనది. ఫాస్ఫేట్‌తో కలిసి సన్నటి తెల్లపొడి అవుతుంది, ఆల్కలినిటీని (నీళ్లలోని కార్బొనేట్ల మోతాదుని) కూడా లాగేస్తుంది. ఆ పొడి చేపల మొప్పల్లో చేరితే ప్రమాదం, ముఖ్యంగా టాంగ్ జాతి చేపలకి. వాడక తప్పకపోతే ఆర్ఓ నీళ్లలో బాగా పలచన చేసి, 5 మైక్రాన్ల ఫిల్టర్ సాక్‌లోకి (వడపోత సంచిలోకి) బొట్టుబొట్టుగా వదలాలి.

ఒక్కసారి దించితే సరిపోతుందన్నదీ అబద్ధమే. రాళ్లూ ఇసుకా ఫాస్ఫేట్‌ని పట్టుకుని దాచుకుంటాయి. 0.40 ఉన్న ట్యాంకులో పావు వంతు నీళ్లు మారిస్తే లెక్కకి 0.30 రావాలి. వస్తుంది కూడా. తర్వాత రాళ్లు దాచుకున్నది వదులుతుంటే మళ్లీ పైకి ఎక్కుతుంది.

చాలామంది మీటర్ దగ్గరే పొరబడుతున్నారు. కొన్ని మీటర్లు ఫాస్ఫేట్‌ని కాకుండా ఫాస్ఫరస్‌ని పీపీబీలో (వంద కోట్లలో వంతులు) చూపిస్తాయి. ఫాస్ఫేట్ పీపీఎంలో తెలియాలంటే దాన్ని 3.066తో గుణించి వెయ్యితో భాగించాలి. 30 అని వస్తే అది 0.09 పీపీఎం, అంటే దించాల్సిన పనే లేదు.

నిజంగా ఎక్కువుంటే మేత తగ్గించండి, ఆవిరైనదానికి బదులు పైన పోసే నీళ్లు ఆర్ఓ డీఐవే (ఆర్ఓ తర్వాత మిగిలిన లవణాలు కూడా తీసేసినవే) అయ్యుండాలి. జీఎఫ్ఓ డబ్బా మీద రాసినదాంట్లో పావు వంతుతో మొదలుపెట్టి, రెండు రోజులకోసారి కొలవండి, ఆల్కలినిటీతో సహా. 0.1కి రాగానే జీఎఫ్ఓ సంచి బయటికి తీసేయండి.