రెండూ చదవకపోతేనే న్యాయం

పోల్చడానికి రెండు పుస్తకాలు కావాలి. చదవడానికి ఒక్కటి కూడా అక్కరలేదు. ఈ తేడా తెలియకనే మన పిల్లలు తులనాత్మక సాహిత్యం పేపరులో ఏటా మార్కులు పోగొట్టుకుంటున్నారు.

మా మేనల్లుడిది గాజువాక. ఎం.ఏ. తెలుగు చదువుతున్నాడు. ఇంట్లో టీవీ గోలకు చదువు సాగడం లేదని, పరీక్షకు 12 రోజుల ముందు పెట్టె పట్టుకుని పెదవాల్తేరులోని మా ఇంటికి దిగాడు. మేనమామ అన్నాక బాధ్యత ఉంటుంది కదా. నేను చదివింది కామర్స్ అన్న మాట నిజమే. కానీ ఒక పక్క జమ, మరో పక్క ఖర్చు రాసి, చివర రెండూ సమానమని తేల్చే విద్య ఇంకెక్కడ నేర్పుతారు? దిద్దేవారు కోరేదీ అదే.

మొదటి రోజే పొడుగు నోటు పుస్తకం తెప్పించి, స్కేలు పెట్టి పేజీకి నట్టనడుమ గీత గీయించాను. ఎడమ పక్క వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము, 1878లో ధారావాహికగా మొదలై 1880లో పుస్తకమైంది. కుడి పక్క గోల్డ్‌స్మిత్ రాసిన ఇంగ్లీషు నవల వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ (వికార్ అంటే చర్చి గురువు), 1766. ఏటా వచ్చే ప్రశ్న అదేనని గైడు హామీ ఇచ్చింది.

"మామయ్యా, ముందు రెండూ ఒకసారి చదవాలేమో" అన్నాడు వాడు.

అక్కడే వాడిని ఆపాను. రెండింటిలో ఒకటే చదివామనుకోండి, దాని మీద ప్రేమో పగో పుట్టి త్రాసు ఒక పక్కకు ఒరుగుతుంది. రెండూ చదివితే మరీ ప్రమాదం, సొంత అభిప్రాయం పుడుతుంది. అభిప్రాయానికి గైడులో గడి లేదు. ఏదీ చదవనివాడే అసలైన నిష్పక్షపాతి. జాతకాలు చూసే సిద్ధాంతిగారు పెళ్లికూతురిని చూస్తారా, పెళ్లికొడుకుతో మాట్లాడతారా? నక్షత్రాలు అడిగి, 36 గుణాల్లో 18 కలిశాయో లేదో లెక్కకట్టి, సంభావన తీసుకుని వెళ్ళిపోతారు. నేనూ అలాగే లెక్క కట్టాను. ఇక్కడి నాయకుడు మంచివాడు, అక్కడి నాయకుడూ మంచివాడే. ఇద్దరి ఆస్తీ పోతుంది. ఇద్దరూ చెరసాలకు వెళ్తారు. చివరికి ఇద్దరూ గట్టెక్కుతారు. మొత్తం 22 గుణాలు కలిశాయి. ఒకరిది ధవళేశ్వరం, మరొకరిది ఇంగ్లండు కావడం వల్ల కొంచెం నాడీదోషం ఉంది గాని, దానికి 'భేదాలు' అనే శీర్షిక కింద శాంతి చేయించవచ్చు.

ఈ శాస్త్రంలో శాఖాభేదాలు కూడా ఉన్నాయట. ఫ్రెంచి శాఖవారిది పోలీసు వరస. ఎవరి దగ్గర ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తీసుకున్నారు, సాక్ష్యం ఏది అంటారు. అమెరికా శాఖవారు ధర్మాత్ములు. రచయితలిద్దరూ ఒకరి పేరు ఒకరు విని ఉండకపోయినా పోల్చుకోమంటారు. వ్యవధి 12 రోజులే ఉన్నవాడు అమెరికానే నమ్ముకోవాలి. మా దురదృష్టం కొద్దీ, గోల్డ్‌స్మిత్ నవలను మొదట అనువదించబోయి, ఆ పని మాని, సొంత కథ రాశానని వీరేశలింగం గారు ఆత్మకథలో దాచకుండా చెప్పేశారు. ముద్దాయే వాంగ్మూలం ఇచ్చాక ఫ్రెంచివారు ఊరుకుంటారా? పైగా ఆ తెలుగు నవల 1887లో ఫార్చూన్స్ వీల్ అన్న పేరుతో ఇంగ్లీషులో లండన్‌లో అచ్చయింది. ఇది పాత అప్పు తీర్చడమా, కొత్త అప్పు ఇవ్వడమా? కామర్స్ చదివిన నాకే తేలలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాం. తులనాత్మక సాహిత్యం సంక్షోభంలో పడిందని విమర్శకుడు రెనే వెలెక్ 1958లోనే ఉపన్యసించారట. ఆయన కారణాలు ఆయనకు ఉండవచ్చు.

విశాఖలో ఉండి రాసేవాడికి కొన్ని సౌకర్యాలున్నాయి. శ్రీశ్రీ ఇక్కడే పుట్టారు. రావిశాస్త్రి గారు ఇక్కడే ప్లీడరీ చేశారు. ఆయన నవల అల్పజీవి మీద ప్రశ్న వస్తే పక్కన ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ పేరు పెట్టి, 'చైతన్య స్రవంతి' (పాత్ర మనసులో ఆలోచనలు పారినట్టే రాసే పద్ధతి) కింద రెండు గీతలు గీస్తే సగం పని అయినట్టే. జాయిస్‌ను చదివావా అని ఎవరూ అడగరు, అడిగితే తామూ చెప్పాల్సి వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి గారు మాత్రం కావ్యాలు స్వయంగా చదివి 1914లో కవిత్వతత్త్వ విచారము అనే విమర్శ గ్రంథం రాశారు. అప్పట్లో గైడులు లేవు పాపం.

ఐదో రోజున చిన్న పొరపాటు చేశాను. గైడులో తడిసి అంటుకుపోయిన నాలుగు పేజీలను (సముద్రపు గాలికి మా వీధిలో కాగితమూ నిలవదు, అప్పడమూ నిలవదు) జిరాక్స్ తీయించుకు రమ్మని వాడిని ద్వారకానగర్ పంపాను. పక్కనే పౌర గ్రంథాలయం ఉన్న సంగతి మరిచాను. పోటీ పరీక్షల పిల్లల మధ్య ఫ్యాను కింద ఒక కుర్చీ దొరికిందట. రాత్రి ఎనిమిదికి వచ్చాడు. జిరాక్స్ లేదు. గుమ్మంలోనే నవ్వు.

"మామయ్యా, ఆ వికార్ గారి కొడుకు మోజెస్ ఇంటి గుర్రాన్ని సంతలో అమ్మి, ఆ డబ్బుతో 12 డజన్ల ఆకుపచ్చ కళ్ళద్దాలు కొనుక్కొస్తాడు!"

"అయితే?"

"వెండి అంచులని చెప్పి అంటగట్టారు. తీరా చూస్తే రాగి మీద పూత. ఇక్కడ రాజశేఖరుడి ఇంట్లో బైరాగి బంగారం చేసిస్తానని ఉన్న బంగారం ఎత్తుకుపోతాడు. రెండు కొంపలనూ లోహమే ముంచింది. కానీ అక్కడ మోసపోయినవాడు కొడుకు, తల్లి నోటికొచ్చినట్టు తిట్టింది. ఇక్కడ మోసపోయినవాడు ఇంటి యజమాని. ఆయన్ని తిట్టేది ఎవరు?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. మా ఆవిడ వింటోంది.

నా పట్టికలోని 22 గుణాలూ వరసగా వెతికాను. రాగి లేదు, కళ్ళద్దాలు లేవు, తిట్లు లేవు. పోనీ 'ఇతర అంశాలు' అన్న చోట ఒక వాక్యంలో సర్దమన్నాను. వాడు సరేనని తల ఊపాడు. మర్నాడు మళ్ళీ ద్వారకానగర్ వెళ్ళాడు, ఆ మర్నాడూ వెళ్ళాడు. నోటు పుస్తకంలో నడిగీతకు అటూ ఇటూ కాకుండా, సరిగ్గా గీత మీదనే రాయడం మొదలుపెట్టాడు.

పరీక్ష రోజు మధ్యాహ్నం చెమటలు కక్కుతూ వచ్చాడు. అనుకున్న ప్రశ్నే వచ్చింది.

"గీత గీశావా?"

"లేదు మామయ్యా. కళ్ళద్దాలు, బైరాగి, వీటికే నాలుగు అడిషనల్ షీట్లు అయ్యాయి. ముగింపు రాయబోతుంటే గంట కొట్టారు."

సామ్యాలు ఇన్ని, భేదాలు ఇన్ని, కాబట్టి రెండూ గొప్ప నవలలేనని తేల్చే ఆ ముగింపు నేను స్వయంగా కంఠస్థం చేయించినది. నాకు అన్నం సయించలేదు. వాడు మాత్రం గోంగూర పచ్చడి రెండుసార్లు వేయించుకున్నాడు.

వడ్డిస్తూ మా ఆవిడ అడిగింది. "ఇంతకీ ఆ గుర్రాన్ని ఎంతకు అమ్మాడట?"

వాడి నోట్లో ముద్ద ఉంది. ఇద్దరూ నా వైపు చూశారు. సాహిత్యాన్ని ధరలతో కొలవకూడదని చెప్పి చెయ్యి కడుక్కున్నాను.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక వాడి సంచిలోంచి పుస్తకం తీశాను. 3 పౌండ్ల 5 షిల్లింగుల 2 పెన్నీలు. ఆ ధర కోసమే చూశాను, చదవలేదు. పాలవాడు బెల్లు కొట్టేసరికి ఇంకా ఒక అధ్యాయం మిగిలి ఉంది.