కట్టె కొట్టె తెచ్చె ఉపన్యాసం గారికి

మహారాజశ్రీ పౌరహక్కుల ఉద్యమ వారసత్వ ఉపన్యాసం గారి సముఖానికి,

నల్లజాతి చరిత్ర మాసమని ప్రతి ఫిబ్రవరిలో అమెరికా మ్యూజియం హాళ్ళలో తమరు వెలుస్తారు. వక్తగారి పరిచయం పది నిమిషాలు, దాతలకు దండాలు మరో ఐదు. మిగిలిన కాస్తలో, అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో వేరు సీట్ల పద్ధతి మీద నల్లవాళ్ళు చేసిన బస్సు బహిష్కరణను చుట్టేస్తారు. రామాయణమంటే కట్టె, కొట్టె, తెచ్చె. రోజా పార్క్స్ అంటే కూర్చుంది, లేవనంది, గెలిచింది.

తమరి నోట ఆమె ఎప్పుడూ పాపం, కాళ్ళు లాగుతున్న కుట్టుపనావిడే. 1943లోనే నల్లవాళ్ళ హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖకు కార్యదర్శి అయిందని చెబితే ప్రొజెక్టరు మాడిపోతుందా? పైగా ‘తెల్లవాళ్ళ సీట్లో కూర్చుంది’ అంటారు. కాదండీ. ఆ బస్సులో 36 సీట్లు. ముందు పది తెల్లవాళ్ళవి. ఆమె కూర్చున్నది వాటి వెనక వరుసలో, నల్లవాళ్ళు కూర్చోవచ్చన్న చోటే. ముందు సీట్లు నిండి ఒక్క తెల్లాయన నిలబడిపోయేసరికి డ్రైవరు ఆ వరుసలో నలుగుర్నీ లెమ్మన్నాడు. ఆ తెల్లాయన వరుసలో నల్లవాళ్ళెవరూ ఉండకూడదుగా మరి! ముగ్గురు లేచారు. ఒకడికి సీటు కావాలంటే నలుగురు లేవాలన్న ఈ లెక్క చెప్పడానికి అర నిమిషం పట్టదు.

‘381 రోజులు’ అని తెరంతా పరిచిన అంకె అద్భుతం. అన్నాళ్ళూ జనం పనుల్లోకి ఎలా వెళ్ళారో కూడా సెలవిస్తే బాగుండు. 1955 డిసెంబరు 1న పార్క్స్ అరెస్టు. ఆ రాత్రే కాలేజీ టీచరు జో ఆన్ రాబిన్సన్ స్టెన్సిల్ కోసి, నకళ్ళు తీసే మిమియోగ్రాఫ్ యంత్రం తిప్పించింది. ఒక్కో కాగితం మీద ‘బస్సు ఎక్కొద్దు’ అన్న కరపత్రం మూడుసార్లు. మూడు ముక్కలుగా కోస్తే కాగితం ఆదా. తెల్లారకముందే కట్టలు సిద్ధం. బస్సు చార్జీ పది సెంట్లు; నల్లజాతి టాక్సీవాళ్ళూ అంతే పుచ్చుకున్నారు. నగరంవారు వెంటనే టాక్సీకి కనీసం 45 సెంట్లన్న పాత నిబంధన దుమ్ము దులిపారు. దాంతో సొంత కార్లు దిగాయి, సుమారు 300. ఎక్కే చోట్లు, దింపే చోట్లు, వేళలు, పెట్రోలు పద్దులు! అది కుదురుకుంటుండగా బండ్ల బీమా రద్దు చేయించారు. చివరికి లండన్ లాయిడ్స్ దగ్గర పాలసీ దొరికింది. ఇంత కథకు తమరి దగ్గర ఒక్క స్లైడైనా లేదు. బీమా కాగితం ఫొటోలో అందంగా పడదు, నిజమే.

ఇక కోర్టు. బస్సుల్లో వేరు సీట్లను కొట్టేయించింది పార్క్స్ కేసు కాదు, బ్రౌడర్ వర్సెస్ గేల్. నలుగురు ఆడవాళ్ళు వాదులుగా నిలిచిన దావా. వాళ్ళలో క్లాడెట్ కాల్విన్ పదిహేనేళ్ళప్పుడే, పార్క్స్ కంటే ముందు 1955 మార్చిలో, లేవనని అరెస్టయింది. తమరి తెరకి ఒక్క మొహమే పడుతుంది కాబోలు.

ప్రశ్నల ఘట్టంలో మైకు ‘ఇది ప్రశ్న కాదు, చిన్న అభిప్రాయం’ అనేవారి చేతికే ఎలా చేరుతుందో బ్రహ్మకే ఎరుక. మూడో వరుసలో మన తెలుగువాళ్ళు ‘మనకెందుకులే’ అని ఫోన్లు చూసుకుంటుంటారు. నల్లవాళ్ళ ఓటు హక్కు చట్టం చేసిన 1965లో, అదే అమెరికా చట్టసభ (కాంగ్రెసు) దేశాలవారీ వలస కోటాల్ని ఎత్తేసిందని వాళ్ళ చెవిన వేయరూ? అంతకుముందు భారతీయుల కోటా ఏడాదికి 100. అది అలాగే ఉంటే ఆ వరుస ఖాళీ.

ఆఖర్న అందర్నీ కుకీలు తినమంటారు. అదొక్కటీ అచ్చంగా ఉద్యమ సంప్రదాయమే. జార్జియా గిల్మోర్ బృందం పైలు, కేకులు, కోడి వేపుడు అమ్మి కార్ల ఖర్చుకు డబ్బిచ్చేది. ఎవరిచ్చారంటే ‘ఎక్కడినుంచీ కాదు’ అనడానికి వీలుగా బృందానికి ‘క్లబ్ ఫ్రమ్ నోవేర్’ అని పేరు. కొనేవాళ్ళలో తెల్లవాళ్ళూ ఉండేవారు. ఈసారి కుకీల పళ్ళెం పక్కన ఆమె పేరు రాసిన అట్టముక్క పెట్టించండి. అట్ట ఖర్చు బడ్జెట్లో లేదంటే మేమే తెస్తాం.

ఇట్లు,
వెనక వరుస