బ్రేకు పైపుకు రబ్బరు గొట్టంతో అతుకు వేయకండి

ఈ వారంలో ఒకే సందేశం నాకు ఆరుసార్లు వచ్చింది. పంపినవారిలో ఇద్దరు ఇంజినీర్లు. "కారు బ్రేకు పైపు లీకైతే వేలు తగలేయకండి, ఇంట్లోనే బాగుచేసుకోండి" అని మొదలై, అయిదు చిట్కాలు చెప్పి, "పదిమందికీ పంపండి" అని ముగుస్తుంది. దయచేసి పంపకండి.

మొదటి చిట్కా: తుప్పు పట్టిన భాగాన్ని కోసేసి, రెండు చివర్లనూ పెట్రోలు గొట్టంతో కలిపి క్లిప్పులు బిగించాలట.

నా కోపమంతా దీనిమీదే. పెడల్‌ను 30 కిలోల బలంతో తొక్కారనుకోండి. పెడల్ దాన్ని నాలుగింతలు చేస్తే 120 కిలోలు. ఆ బలంతో బ్రేకు ఆయిలును పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ వ్యాసం 22 మిల్లీమీటర్లైతే దాని వైశాల్యం 3.8 చదరపు సెంటీమీటర్లు. భాగించి చూడండి: పైపులో చదరపు సెంటీమీటరుకు 30 కిలోలకు పైగా ఒత్తిడి. మన తొక్కుడుకు తోడయ్యే బూస్టర్ బలాన్ని ఇంకా కలపనే లేదు. అదీ కలిస్తే గట్టి బ్రేకులో 80 కిలోలు దాటడం మామూలే. మీ టైరులో ఉండేది రెండు కిలోల చిల్లర. ఇంజెక్షన్ ఇంజన్‌లో పెట్రోలు గొట్టం మోసేది మూడు నాలుగు కిలోలు. ఆ గొట్టాన్ని తెచ్చి ఇక్కడ పెడతారా?

"చక్రాల దగ్గర కంపెనీ కూడా రబ్బరే వాడుతుంది కదా" అని అందులోనే ఒక సమర్థన. ఆ గొట్టం లోపల బలమైన దారాల అల్లిక ఉంటుంది. దాని చివర్లకు లోహపు ఫిట్టింగులను యంత్రంతో నొక్కి బిగిస్తారు. స్క్రూడ్రైవర్‌తో బిగించే క్లిప్పు దానికి సాటి రాదు.

అన్నిటికంటే భయపెట్టే విషయం, ఈ అతుకు మొదట్లో పనిచేస్తుంది. ఇంటి ముందు నెమ్మదిగా తొక్కి చూస్తే చుక్క కారదు. బాగుందని నమ్మి పిల్లల్ని ఎక్కించుకుంటారు. ఎదురుగా ఎవరో అడ్డం వచ్చి, ఉన్న బలమంతా పెట్టి తొక్కిన క్షణంలో అది ఊడుతుంది.

రెండో చిట్కా: పగిలిన పైపును మడిచి మూసేసి, మిగతా మూడు చక్రాల బ్రేకులతో నడపాలట. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, ఎక్కువ పని ముందు చక్రాలదే. వాటిలో ఒకదాన్ని చంపేస్తే బండి రెండోవైపుకు లాగేస్తుంది. పైగా ఇనుప పైపును మడిస్తే ఆ మడతే చీలవచ్చు. ఇది రాసినవారు అలాంటి బండిలో తిరుమల పాత ఘాట్ రోడ్డు మలుపులు దిగడానికి సిద్ధమేనా? కాకపోతే మన కుటుంబాలకు ఎందుకు చెబుతున్నారు?

మూడోది, ఫ్రిజ్‌కు వాడే రాగి గొట్టం. తుప్పు పట్టదన్నది నిజమే. కానీ మెత్తటి రాగి అదురుకు క్రమంగా గట్టిపడి పగులుతుంది. కాకినాడ, విశాఖపట్నం వంటి ఉప్పుగాలి ఊళ్లలో తుప్పు బెడద ఉన్నవారికి మంచి దారి వేరే ఉంది: నికెల్ కలిసిన రాగి బ్రేకు పైపు. వోల్వో కార్లలో దాన్ని 1970ల నుంచీ వాడారు.

నట్టు మరలకు తెల్ల టేపు చుట్టమన్నది నాలుగోది. కారకుండా ఆపేది మరలు కాదు, ఫ్లేర్ చేసిన, అంటే వెడల్పు చేసి మలిచిన పైపు అంచు. టేపు పీలికలు, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కవాటాల్లో చేరితే కొత్త కష్టం.

బ్రేకు ఆయిలుకు బదులు నీళ్లు లేదా ఇంజన్ ఆయిలు పోయమన్నది చివరిది. నీళ్లు వేడికి ఆవిరవుతాయి, ఇంజన్ ఆయిలుకు రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. అంతే.

ఇంత తిట్టినా, ఆ సందేశంలో ఒక మాటను ఒప్పుకుంటాను. ముందు నుంచి వెనక దాకా పైపు మొత్తం మార్చక తప్పదన్నది అన్నివేళలా నిజం కాదు. ఇంతకాలం నేనూ తప్పదనే వాదించాను. మిగతా పైపు నిజంగా గట్టిగా ఉంటే, పాడైన ముక్కను మంచి లోహం వచ్చేదాకా కోసి, బ్రేకులకే చేసిన యూనియన్‌తో (రెండు పైపులను కలిపే లోహపు జాయింటు) కొత్త ముక్క కలపవచ్చు. నట్టును ముందే పైపులోకి ఎక్కించి, ఆ తర్వాతే అంచును ఫ్లేర్ చేయాలి. ఫ్లేర్లలో గరాటులా మడిచేది ఒకటి, బుడిపెలా ఉండేది ఇంకొకటి. మీ ఫిట్టింగుకు ఏది సరిపోతుందో అదే చేయాలి, ఒకదాని చోట ఇంకొకటి నిలవదు. పైపును పట్టి ఉంచే క్లిప్పులు తిరిగి పెట్టాలి. బ్రేకు ఆయిలులో చేరిన గాలి పూర్తిగా తీశాక, ఒకరు పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టుకుంటే ఇంకొకరు ప్రతి అతుకునూ పొడి కాగితంతో తుడిచి చూడాలి.

ఇదంతా రాయడానికి కారణం ఉంది. ఆ రబ్బరు అతుకుతో రెండు నెలలుగా ఆఫీసుకు వెళ్లివస్తున్నానని మా బృందంలోని ఒక మిత్రుడు నిన్న గర్వంగా రాశాడు. వెంటనే ఫోను చేసి, బండి తాళం తీయవద్దని బతిమాలాను. ఆదివారం పైపు, ఫ్లేరింగ్ పనిముట్టు పట్టుకుని వాళ్లింటికి వెళ్తున్నాను.