300 యూరోలకు పది దేశాలు రావు

"పదిహేను రోజులు, పది దేశాలు, 300 యూరోలు! స్టూడెంట్స్‌కి యూరప్ దాదాపు ఫ్రీ." ఈ మాటలతో మొదలయ్యే వాట్సాప్ మెసేజి ఈ మధ్య నాకు ఏడుగురు పంపారు. అందులో ఒకరు మా చిన్నాన్న. ఆయన కూతురు ఈ సెప్టెంబరులో మాస్టర్స్‌కి జర్మనీ వస్తోంది. "నువ్వు అక్కడే ఉన్నావు కదా తల్లీ, ఇది నిజమేనా?" అని అడిగారు. ఆయనకు ఫోన్లో చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను డ్రెస్డెన్‌లో చదువుతున్నాను. పోయిన సెప్టెంబరులో నేనూ నా రూమ్మేటూ చెరో బ్యాగూ వీపున వేసుకుని ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, లుబ్లియానా, వెనిస్ పన్నెండు రోజుల్లో చూసి వచ్చాం. మనిషికి 725 యూరోలైంది. రైళ్ళకూ బస్సులకూ 141, పడకలకు 290, తిండికి 180, చూడ్డానికి కొన్న టికెట్లకు 66, ఊళ్ళలో తిరగడానికి 48. అనవసరంగా ఒక్క యూరో పెట్టలేదు. అయినా ఐదు ఊళ్ళకే ఇంతైంది. ఇక మెసేజిలోని మాటలు ఒక్కొక్కటీ చూద్దాం.

"యూరైల్ పాస్ ఒక్కటి కొంటే ఏ దేశంలో ఏ రైలైనా ఎక్కేయొచ్చు."

ముందు పేరే తప్పు. యూరైల్ పాస్ యూరప్ బయట నివసించేవాళ్ళకు. ఇక్కడ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న మనలాంటి విద్యార్థులు కొనాల్సింది ఇంటర్‌రైల్. పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది కాదు, ఎక్కడ ఉంటున్నామన్నదే లెక్క. 1972లో మొదలైన ఈ పాస్ ఇప్పుడు 33 దేశాల్లో చెల్లుతుంది, 27 ఏళ్ళ వరకు తగ్గింపు ధర ఉంది. కానీ అన్నిటికంటే చిన్నదైన నాలుగు రోజుల పాసే 200 యూరోలు దాటుతుంది. మెసేజి చెప్పిన మొత్తంలో మూడింట రెండు వంతులు అక్కడే పోయాయి. పైగా "ఏ రైలైనా" అన్నది నిజం కాదు. ఫ్రాన్స్‌లో టీజీవీ అనే హైస్పీడ్ రైళ్ళకూ, ఇటలీ, స్పెయిన్‌లలో అలాంటివాటికీ పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ విడిగా కొనాలి, ఎక్కిన ప్రతిసారీ మామూలుగా పది యూరోలో, ఇంకా ఎక్కువో. మనం ఉంటున్న దేశంలోనైతే ఆ పాస్ బయటికి వెళ్ళడానికి ఒకసారి, తిరిగి రావడానికి ఒకసారి మాత్రమే పనికొస్తుంది.

పాస్ చెడ్డదని నేను అనడం లేదు. ఏ రోజు ఎక్కడుంటామో ముందు తెలియనివాళ్ళకు అది మంచి వస్తువే. మేం మాత్రం రెండు నెలల ముందే కూర్చుని విడి టికెట్లు కొన్నాం. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ 18, అక్కణ్ణుంచి వియన్నా 19, బుడాపెస్ట్ 14, లుబ్లియానా 29, వెనిస్‌కి బస్సు 22, వెనిస్ నుంచి మ్యూనిక్‌కి రాత్రి రైల్లో కూర్చునే సీటు 39. మ్యూనిక్ నుంచి ఇంటికి సెమెస్టర్ ఫీజుతో వచ్చే డాయిచ్‌లాండ్ టికెట్ మీద హోఫ్‌లో రైలు మారి వచ్చాం. అది ప్రాంతీయ రైళ్ళకే చెల్లుతుంది, ఐసీఈ లాంటి హైస్పీడ్ రైళ్ళు ఎక్కకూడదు. రోజంతా పట్టింది, డబ్బు మాత్రం పడలేదు.

"జర్మనీ, ఆస్ట్రియాల్లో స్టేషన్లకు గేట్లుండవు. టికెట్ లేకపోయినా ఎవరూ చూడరు."

ఈ వాక్యం రాసినవాళ్ళ మీద నాకు నిజంగా కోపం వచ్చింది. గేట్లు లేకపోవడం మనిషి మీద ఉంచిన నమ్మకం. మామూలు బట్టల్లో ఉన్న తనిఖీ వాళ్ళు రైలు కదిలాక లేచి కార్డు చూపిస్తారు. జర్మనీలో జరిమానా 60 యూరోలు, రెండు రాత్రుల పడక ఖర్చు. దానితో అయిపోదు. టికెట్ ఎగ్గొట్టడం ఇక్కడి శిక్షాస్మృతి 265ఏ సెక్షన్ కింద నేరం. పదే పదే దొరికితే పోలీసు ఫిర్యాదు దాకా వెళ్తుంది. వీసా పొడిగింపు కోసం విదేశీయుల కార్యాలయం మెట్లెక్కాల్సిన మనకు అలాంటి కాగితం ఎంత చేటో ఊహించుకోండి. మా క్లాసులో ఒకబ్బాయి ఒక ఊళ్ళో టికెట్ కొని కూడా జరిమానా కట్టాడు. కాగితం టికెట్‌ని మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలని అతనికి ఎవరూ చెప్పలేదు. ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ మూడు చోట్లా కాగితం టికెట్‌కి ఆ పద్ధతి ఉంది. టికెట్ లేకుండా తిరగాలనిపిస్తే లక్సెంబర్గ్ వెళ్ళండి. 2020 నుంచి అక్కడ సెకండ్ క్లాసు రైళ్ళు, బస్సులు, ట్రాములు అందరికీ ఉచితం.

"ఒకటే వీసా, ఒకటే డబ్బు, పాస్‌పోర్టు బ్యాగులోంచి తియ్యక్కర్లేదు."

ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ ప్రాంతంలో 29 దేశాలున్నాయి. మెసేజిలోని పది దేశాల పట్టికలో ఇంగ్లండూ ఉంది. దానికి వేరే వీసా కావాలి, ఐర్లండ్‌కీ అంతే. డబ్బు సంగతికొస్తే ప్రాగ్‌లో కొరునా, బుడాపెస్ట్‌లో ఫోరింట్. ఏటీఎం "మీ కరెన్సీలో లెక్కకట్టమంటారా?" అని అడిగితే వద్దనండి. ఒప్పుకుంటే మారకం రేటు ఆ మెషిన్ ఇష్టం.

పాస్‌పోర్టు మాట మాత్రం ప్రమాదం. జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది. మా తిరుగు రైల్లో తెల్లవారుజామున పోలీసులు మా పెట్టెలో అందర్నీ లేపి కాగితాలు చూశారు. పాస్‌పోర్టూ, రెసిడెన్స్ కార్డూ రెండూ చేతిలో ఉండాలి. ఫోన్లో ఫొటో పనికిరాదు.

"స్టూడెంట్ ఐడీ చూపిస్తే మ్యూజియంలన్నీ ఫ్రీ."

కార్డు ఒకటే అయినా ఒక్కో దేశంలో ఒక్కో మాట. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం యూరప్ ఆర్థిక ప్రాంతంలో (యూరోపియన్ యూనియన్ దేశాలూ, నార్వే లాంటి మరికొన్నీ) నివసించే 26 ఏళ్ళ లోపువాళ్ళకు ఉచితం. మన పాస్‌పోర్టు భారతీయమైనా ఫర్వాలేదు, కానీ చూపాల్సింది కాలేజీ కార్డు కాదు, రెసిడెన్స్ కార్డు. అదే హైదరాబాద్ నుంచి టూరిస్టు వీసా మీద వచ్చిన విద్యార్థికి 2026 జనవరి నుంచి టికెట్ 32 యూరోలు. ఇటలీలో ప్రభుత్వ మ్యూజియంలలో 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకు రెండు యూరోల టికెట్ ఉంది, కానీ అది యూరోపియన్ యూనియన్ పౌరులకు. వెనిస్‌లో ఒక చిత్రశాల టికెట్ కిటికీ దగ్గర ఉన్నామె మా ఐడీలు చూసి మర్యాదగానే తల అడ్డంగా ఊపింది, పూర్తి ధర కట్టి లోపలికి వెళ్ళాం. తీరా చూస్తే నెలలో మొదటి ఆదివారం ఇటలీ ప్రభుత్వ మ్యూజియంలు అందరికీ ఉచితం, మేం ఆ తేదీ చూసుకోలేదు. మాడ్రిడ్‌లో ప్రాడో రోజూ ఆఖరి రెండు గంటలు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోదు. మీ ప్రయాణం తేదీలు ఇలాంటివి చూసుకుని వేసుకోండి.

"రాత్రుళ్ళు స్టేషన్లలో పడుకోండి. హాస్టళ్ళు అమ్మాయిలకు సేఫ్ కాదు."

ఈ సలహా పూర్తిగా తలకిందులుగా ఉంది. చాలా స్టేషన్లు అర్ధరాత్రి దాటాక తలుపులు మూసేస్తాయి, బయట చలిలో నిలబడాలి. బ్యాగులు పోయేదీ అక్కడే. హాస్టల్ అంటే మనకు అమీర్‌పేట గదులు గుర్తొస్తాయి, అందుకే ఇంట్లోవాళ్ళు భయపడతారు. ఇక్కడ అర్థం వేరు. 1909లో రిషార్డ్ షిర్మన్ అనే జర్మన్ బడిపంతులు పిల్లల్ని కాలినడకన యాత్రకు తీసుకెళ్ళి గాలివానలో చిక్కుకున్నాడు. ఒక బడిలో గడ్డి పరుచుకుని రాత్రి గడిపారు. డబ్బులేని కుర్రాళ్ళకు ప్రతి ఊళ్ళో ఇలా తలదాచుకునే చోటు ఉండాలన్న ఆలోచన ఆ రాత్రే పుట్టింది. తరవాత కొన్నేళ్ళకే జర్మనీలోని ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత యూత్ హాస్టల్ వచ్చింది. మేం పడుకున్న పడకలు ఆ వరసలోవే. ఆడవాళ్ళకు మాత్రమే ఉండే ఆరు పడకల గది దొరుకుతుంది, ఒక్కో మంచానికి ఒక లాకర్, తాళం మాత్రం మనదే తీసుకెళ్ళాలి. బుకింగ్ ధర మీద చాలా ఊళ్ళలో నగర పన్ను పడుతుంది, మా 290లో అదీ ఉంది. పది రాత్రుల్లో ఒక్కసారి కూడా మాకు భయం వెయ్యలేదు. మా అమ్మకు రోజూ వీడియో కాల్‌లో గది తలుపు, లాకరు, పక్క మంచం అమ్మాయిని చూపించాను. ఆ కొరియా అమ్మాయి అమ్మకు దణ్ణం పెట్టింది.

"శాకాహారులు పస్తులే, నీళ్ళు కూడా కొనుక్కోవాలి."

నా రూమ్మేట్ గుడ్డు కూడా ముట్టదు, పన్నెండు రోజులూ కడుపు నిండా తింది. హాస్టల్ వంటింట్లో అన్నం, పప్పు, ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి. బయట ఫలాఫెల్ అనే శనగల వడలు, మార్గెరీటా పిజ్జా, బుడాపెస్ట్‌లో వేడి నూనెలోంచి తీసిన లాంగోష్ అనే రొట్టె. నీళ్ళైతే వియన్నాలో కుళాయి తిప్పితే ఆల్ప్స్ కొండల ఊటనీళ్ళే, 1873 నుంచి గొట్టాల్లో నగరానికి వస్తున్నాయి. ఖాళీ సీసా ఒకటి చాలు.

"ఒక్కో దేశానికి ఒకటిన్నర రోజు చాలు."

ఒకటిన్నర రోజే ఉంటే వియన్నాలో రెండో సాయంత్రం మాకు ఉండేది కాదు. ఆ సాయంత్రం స్టేట్ ఒపేరాలో 20 యూరోల లోపే నిలబడి చూసే టికెట్ దొరికింది. చోటు మనదని గుర్తుగా రెయిలింగ్‌కి స్కార్ఫ్ కట్టి వెళ్ళడం అక్కడి ఆనవాయితీ. స్కార్ఫ్ లేక నేను చున్నీ కట్టాను. తిరిగొచ్చేసరికి పక్కన నిలబడే ముసలాయన, దాని కొస నేలకు జారకుండా మడిచి పట్టుకుని ఉన్నాడు. మూడు గంటలు కాళ్ళు లాగినా కదల్లేదు ఇద్దరం.