వనపర్తి కోడలు కూర్చున్న కుర్చీ

హైదరాబాద్ నగరానికి తొలి మహిళా మేయర్ పాలమూరు (మహబూబ్‌నగర్) కోడలు. 1962లో ఆ పదవి చేపట్టిన రాణి కుముదినీ దేవి మెట్టినిల్లు వనపర్తి సంస్థానం. మహబూబ్‌నగర్ పురపాలక సంఘం 2025లో నగరపాలక సంస్థగా మారడంతో మేయర్ అనే మాట ఈ ప్రాంతానికి సొంతమైంది. ఈ సమయంలో ఆమె జీవితాన్ని తలుచుకోవడం ఎంతో అవసరమని మేము భావిస్తున్నాము.

1911లో వరంగల్ ప్రాంతంలోని వడ్డేపల్లిలో, నిజాం ప్రభుత్వంలో ఉప ప్రధానిగా పనిచేసిన పింగిళి వెంకట్రామారెడ్డి ఇంట ఆమె జన్మించారు. వనపర్తి రాజవంశానికి చెందిన రాజా రామదేవరావుతో వివాహమైంది. సంస్థానాలు పోయి ఓట్లు వచ్చిన కాలంలో, తొలి ఎన్నికల్లో సురవరం ప్రతాపరెడ్డి గెలిచిన వనపర్తి నియోజకవర్గం నుంచే 1962లోనూ 1967లోనూ ఆమె శాసనసభకు ఎన్నికయ్యారు. హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లు 1960లో ఒకటైన తరువాత రెండేళ్లకే మేయర్ అయ్యారు. అయితే ఈ పదవులన్నింటికంటే ముందే, 1958లో, కుష్ఠు వ్యాధిగ్రస్తుల కోసం కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రాన్ని నెలకొల్పారన్నది మాకు అన్నిటికన్నా పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఆ జబ్బు సోకిందని తెలిస్తే కన్నవాళ్లే ఊరి బయటకు పంపిన రోజులవి. అలాంటి మనుషుల మధ్య పనిచేసి వచ్చిన మనిషి నగర పాలక కుర్చీలో కూర్చున్నారు. భర్త ఇంటి పేరు ఆమెకు దారి చూపి ఉండవచ్చు గాని, ఆ పదవుల చరిత్రలో నిలిచినది మాత్రం ఆమె పేరే.

ఆమెకు పుట్టినింటి అండ, మెట్టినింటి పలుకుబడి రెండూ ఉన్నాయన్నది నిజం. రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చి పట్టణ పాలనలో మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలు కేటాయించింది. తెలంగాణలో అది సగమైంది. దానితో ఏ అండా లేని ఆడవాళ్లకూ ఆ తలుపు తెరుచుకుంది. పొదుపు సంఘంలో లెక్కల పుస్తకం రాసినవారు, కుట్టుమిషన్‌తో ఇల్లు నడిపినవారు, డిగ్రీ మధ్యలో పెళ్లై చదువు ఆగినవారు ఈ రోజు మన పట్టణాల్లో కౌన్సిలర్లుగా, చైర్‌పర్సన్లుగా గెలుస్తున్నారు. అరవై ఏళ్ల కిందట ఒక్క రాణిగారికి దక్కినది ఇప్పుడు బస్తీ ఆడబిడ్డకు కూడా దక్కుతోంది. ఇంతకన్నా సంతోషించదగినది మరొకటి లేదు.

బాధ కలిగించేది ఆ తరువాతి కథ. వార్డు మహిళకు రిజర్వు అయిందని తెలిసిన సాయంత్రమే అప్పటిదాకా తిరిగిన నాయకుడు తన భార్య పేరున నామినేషన్ సిద్ధం చేసుకుంటాడు. ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో పక్కన అంతకన్నా పెద్దదిగా ఆయన ఫొటో ఉంటుంది. గెలిచిన మరునాటి నుంచి ఆమె ఫోన్ ఆయన జేబులోకి చేరుతుంది. మన జిల్లాల్లోని ఒక పట్టణంలో కౌన్సిల్ సమావేశానికి వెళ్లిన మా విలేకరి చూసిన దృశ్యం ఒకటి ఇక్కడ చెప్పాలి. నీటి సరఫరా అంశం వచ్చినప్పుడు చైర్‌పర్సన్ ఎజెండా కాగితం పక్కన పెట్టి, తమ వీధిలో నల్లా తెల్లవారుజామున మూడు గంటలకు వస్తోందని, ఆడవాళ్లు నిద్ర మానుకుని బిందెలు పట్టుకుంటున్నారని చెప్పడం మొదలుపెట్టారు. సభలో అప్పటిదాకా ఎవరూ మాట్లాడని అసలు సంగతి అది. అప్పుడే వెనక వరుసలో కూర్చున్న భర్త గొంతు సవరించుకున్నారు. ఆమె ఆగిపోయారు, కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుని తరువాతి అంశం చదివారు. నల్లా సమయం గురించి ఆ రోజు ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

ఆ గొంతు సవరింపు వల్ల నష్టపోయినది ఆ ఒక్క మహిళే కాదు, తెల్లవారుజామున బిందెలతో నిలబడే వీధి వీధంతా. నల్లా ఎప్పుడు వస్తుందో, మోరీ ఎక్కడ పొంగుతుందో, చీకటి పడ్డాక ఏ సందులో దీపం వెలగదో అందరికన్నా ముందు తెలిసేది ఆడవాళ్లకే. ఆ తెలివిడి పాలనలోకి రావాలనే సగం స్థానాలు వాళ్లకిచ్చారు. సంతకం మాత్రమే భార్యదై, నిర్ణయం భర్తదైతే, ఆ తెలివిడి మళ్లీ వంటింట్లోనే మిగిలిపోతుంది. బాధ్యత మాత్రం ఆమె మీదే పడుతుంది. తీర్మానంలో, చెల్లింపులో తప్పు దొరికిన నాడు విచారణకు పిలిచేది సంతకం చేసిన మనిషినే.

భర్త సాయం చేయడంలో తప్పేముందని కొందరు అడుగుతారు. ఏ తప్పూ లేదు, ఆ సాయం అవసరమైన చోట జరిగితే. తెల్లవారి ఐదు గంటలకు పారిశుద్ధ్య పనుల తనిఖీకి వెళ్లవలసిన చైర్‌పర్సన్ నాలుగింటికే లేచి పిల్లల టిఫిన్ డబ్బాలు కట్టి, అత్తగారికి మందులు ఇచ్చి బయలుదేరుతున్నారు. కుముదినీ దేవికి ఆ ఇబ్బంది ఉండి ఉండదు. ఆ పొయ్యి ముందు పని భర్త తీసుకుంటే, సాయంత్రం సమావేశం ఆలస్యమైతే ఇంట్లో వంట ఆయన చూసుకుంటే, ఆమె ఎజెండాను స్థిమితంగా చదువుకోగలుగుతారు. మేము కోరే సాయం అది. కౌన్సిల్ హాలులో కుర్చీ వేసుకుని కూర్చోవడం సాయం కాదు.

అధికారుల పాత్ర ఇందులో తక్కువేమీ కాదు. ‘సార్‌తో మాట్లాడాం, అయిపోయింది’ అని ఫైలును ఇంటికి పంపే ఉద్యోగి లేకపోతే ఈ పద్ధతి ఒక్క నెల కూడా నిలవదు. సమావేశ మందిరంలోకి సభ్యులు, సంబంధిత అధికారులు, విలేకరులు తప్ప కుటుంబ సభ్యులను అనుమతించకూడదు. ఎజెండా ఆమె చేతికే, ముందుగానే, చదివితే అర్థమయ్యే తెలుగులో అందాలి. బడ్జెట్ పద్దులు, టెండర్ నిబంధనలు, లేఅవుట్ అనుమతుల గురించి కొత్త సభ్యురాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు పక్కన భర్తలు ఉండరాదు. గ్రామ పంచాయతీల్లో ఈ జాడ్యాన్ని పరిశీలించిన కేంద్ర సలహా కమిటీ కఠిన జరిమానాలను సిఫారసు చేసింది. పట్టణాలను అందులోంచి మినహాయించడానికి కారణం మాకు కనిపించడం లేదు. రాష్ట్ర పురపాలక శాఖ కూడా అటువంటి నిబంధన తేవాలి.

మా వైపు లోపాన్ని కూడా ఒప్పుకోవాలి. చైర్‌పర్సన్ భర్త సీసీ రోడ్డు పనులకు కొబ్బరికాయ కొట్టినట్టు, వార్డులో పర్యటించి సమస్యలు తెలుసుకున్నట్టు మా జిల్లా పేజీల్లోనూ ఫొటోలు వచ్చాయి. ఆయన నంబరుకే ఫోన్ చేసి, ఆయన చెప్పిన మాటనే ఆమె పేరు మీద అచ్చువేసిన రోజులూ ఉన్నాయి. నేటి నుంచి పురపాలక కార్యక్రమాల వార్తల్లో ఎన్నికైన మహిళ హాజరు కాని చోట ఆమె భర్త ఫొటో మా పత్రిక వేయదు. ఆమె స్వయంగా చెప్పని మాటను ఆమె పేరున రాయదు. నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, సూర్యాపేట విలేకరులందరికీ ఈ మేరకు సూచనలు పంపాము. ఫోన్ భర్త ఎత్తితే, మేడం గారికి ఇవ్వమని అడిగి, ఆమె లైనులోకి వచ్చేదాకా ఆగమని వాటిలో రాశాము.