ప్రజాభిప్రాయ సేకరణ గారికి ఒక హైదరాబాదీ విన్నపం

మహారాజశ్రీ ప్రజాభిప్రాయ సేకరణ గారికి,

హైదరాబాద్ నుంచి ఒక కరెంటు వినియోగదారుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఏసీలు నడుస్తున్నాయి, లిఫ్టులు ఆగడం లేదు. ప్రాజెక్టు పెట్టేముందు ఊళ్లో సభ పెట్టి జనం మాట వినే మీ క్షేమ సమాచారాలే తెలియడం లేదు.

వికారాబాద్ జిల్లా పరిగి వైపు గాలిమరలు తిరుగుతున్నాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలోనైతే ఏ గుట్ట వైపు తలెత్తినా అవే. ఆ ఊళ్లలో మిమ్మల్ని చూసినవాళ్లెవరైనా ఉన్నారా అని ఆరా తీయనక్కర్లేదు, మీకు అసలు పిలుపే లేదు కాబట్టి. మిమ్మల్ని ఏ ప్రాజెక్టులకు పిలవాలో చెప్పే 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో గనులున్నాయి, సిమెంటు ఉంది, థర్మల్ కేంద్రాలున్నాయి. గాలిమర లేదు. తర్వాత 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలకు కాలుష్యాన్ని బట్టి రంగులు పంచినప్పుడు గాలి కరెంటుకు అన్నిటికన్నా తక్కువ కాలుష్యానికిచ్చే తెలుపు దక్కింది. పొగ రాదు, బూడిద రాదు, నిజమే. పొగ రానివాడికి పొరుగువాణ్ని అడగాల్సిన పని కూడా లేదని మనవాళ్లు అర్థం చేసుకున్నారు.

అలాగని కంపెనీలు ఎవరి అభిప్రాయమూ సేకరించవని నేననను. గాలి అభిప్రాయం సేకరిస్తాయి. ఎంత శ్రద్ధగానో చూస్తే మీకే ఈర్ష్య పుడుతుంది. ముందుగా గుట్ట మీద సన్నటి మాస్టు, అంటే పొడవాటి స్తంభం, ఒకటి నిలబెడతారు. వేర్వేరు ఎత్తుల్లో గాలిని కొలిచే మీటర్లు బిగిస్తారు. కనీసం ఏడాది పాటు, ప్రతి పది నిమిషాల సగటు లెక్కగట్టి, గాలి ఎటు నుంచి వచ్చింది, ఎంత వేగంతో వచ్చింది, ఆషాఢంలో ఎందుకంత ఊపు మీద ఉంది, ఆశ్వయుజం రాగానే ఎందుకు అలిగింది అని రాసుకుంటారు. అంత ఓపిక ఎందుకంటే, గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఆ లెక్క కాస్త తప్పినా అప్పిచ్చిన బ్యాంకు ఊరుకోదు. అదే గుట్ట మీద గొర్రెలు మేపుకునే మనిషి మాటను తప్పుగా రాసుకున్నా, అసలు రాసుకోకపోయినా ఏ బ్యాంకూ అడగదు. గాలికి ఏడాది పొడవునా మైకు ఇచ్చిన గుట్ట మీద మనిషికి ఒక్క పూట కూడా ఇవ్వలేదంటే మీకు బాధగా లేదూ?

అక్కడ మీ బదులు పంచాయతీ తీర్మానం గారు పని చక్కబెడతారు. ఒక్క కాగితం, ఒక్క ముద్ర, సాయంత్రానికి అభ్యంతరం లేదనే ఎన్ఓసీ. పట్టా ఉన్న రైతుతో కంపెనీ మనిషి విడిగా కూర్చుని మాట్లాడుకుంటాడు. పట్టా లేనివాడితో మాట్లాడేందుకు ఏముంది? గుట్ట రికార్డుల్లో బంజరు. బంజరులో మేక ఉండదు, మేక వెనక మనిషి ఉండడు, సీతాఫలాలు ఏరుకునే ఆడవాళ్లు అసలే ఉండరు. కల్పవల్లి సంగతి మీరు వినే ఉంటారు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి కాపలా కాసి బోడిగుట్టలను అడవి చేసుకున్నారు. కాగితం మీద అది బంజరుగానే మిగిలింది. మరలొచ్చాయి, మరల కోసం గుట్టలు చెక్కి రోడ్లు వేశారు, వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. అడగాల్సినప్పుడు అడగకపోతే ఊరు తర్వాత కోర్టులో చెప్పుకుంటుంది, అంతే తేడా.

పోనీ మీరు వెళ్లే చోట్ల ఏం వెలగబెడుతున్నారు? సున్నపురాయి గని దగ్గర మీ శామియానా చూడని తెలుగు జిల్లా లేదు. ముప్పై రోజుల ముందు పేపర్లో ప్రకటన. ఆ నోటిఫికేషన్‌ను మార్చేందుకు తెచ్చిన 2020 ముసాయిదాలో దాన్ని ఇరవైకి కుదించాలని కూడా చూశారు, బహుశా ఊళ్లవాళ్లు ఆలోచించుకోవడానికి ఎక్కువ టైమ్ ఉంటే టెన్షన్ పడతారని కాబోలు. బారికేడ్ల వెనక జనం, వేదిక మీద కలెక్టర్ గారో అదనపు కలెక్టర్ గారో, పక్కన కాలుష్య మండలి ఇంజనీరు. లావుపాటి నివేదిక ఇంగ్లీషులో, సారాంశం మాత్రం తెలుగులో. ఆ తెలుగు చదివితే ఇంగ్లీషే నయమనిపిస్తుంది. మొదటి వరసలో ఉపాధి కావాలని మాట్లాడేవాళ్లు, మజ్జిగ ప్యాకెట్లు అయిపోయాక అభ్యంతరాలు చెప్పేవాళ్లు. సభ మొదలుపెట్టడానికి కోరం కూడా అక్కర్లేదని మీ నిబంధనల్లోనే రాసుకున్నారు. అంటే ప్రజలు రాకపోయినా ప్రజాభిప్రాయం వస్తుంది. శుభలేఖలు పంచేశాక పెళ్లికూతురి ఇష్టం కనుక్కున్నట్టు ఉంటుంది మీ వరస.

ఇంతకీ మా నగరం సంగతి చెప్పలేదు. మా కాలనీలో ట్రాన్స్‌ఫార్మర్ ఎవరి గేటు ముందు పెట్టాలన్న దాని మీద అసోసియేషన్ చీలి, వాట్సాప్ గ్రూపులు రెండయ్యాయి. కార్పొరేటర్ దాకా వెళ్లాం, వాస్తు పండితుణ్ని పిలిపించాం, చివరికి ఎవరి గేటూ లేని మూల చూసి పెట్టించుకున్నాం. మనిషెత్తు దిమ్మె మీద కూర్చునే డబ్బా కోసం ఇంత జరిగింది. ఇప్పటి గాలిమర ఇరుసు ఎత్తే వంద మీటర్లు దాటుతోంది, రెక్క కొన దాకా కొలిస్తే చార్మినార్ మీద చార్మినార్ పెట్టినా అందదు. దాన్ని ఎక్కడ నిలబెట్టాలో ఊరికి చెప్పే హక్కు లేదు, ఆ కరెంటు వాడుకునే మాకు మాత్రం గేటు ముందు డబ్బా వద్దనే హక్కుంది. బొగ్గు కంటే గాలి మేలని వాదించేవాళ్లలో నేనూ ఒకణ్ని. మేలైన దానికి మర్యాద అక్కర్లేదని ఎక్కడ రాసి ఉందో నాకు కనిపించలేదు.

మీరొస్తే ప్రాజెక్టులు ఆగిపోతాయని కొందరు భయపెడతారు. ఆపే అధికారం మీకెప్పుడుంది గనక? మీరు వింటారు, రాసుకుంటారు, వీడియో తీయించి పైకి పంపుతారు. కాబట్టి ధైర్యంగా రండి. అయితే శామియానాతో రాకండి. మాస్టు పాతిన వారంలోనే రండి, మేకలు ఇంటికి మళ్లే వేళకు రచ్చబండ దగ్గర కూర్చోండి. టవర్ల గుర్తులు పెన్సిల్‌తో పెట్టిన మ్యాపు తీసుకురండి, పెన్నుతో కాదు. ఇంటికి 500 మీటర్ల లోపు మర పెట్టకూడదని కేంద్రం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది కదా, ఆ కొలతను టేపు పట్టుకుని ఊరివాళ్ల ముందే కొలిపించండి. నీళ్లు దిగే వాగు ఏదో, పశువుల బాట ఏదో, జాతర ఏ గుట్ట మీదో మాస్టుకు తెలియదు. అక్కడి ముసలమ్మకు తెలుసు, ఆమెకు మీటరు బిగించనక్కర్లేదు కూడా.

ఇట్లు,
మీ రాక కోసం ఎదురుచూడని నగరవాసి

తా.క. ఈ ఉత్తరంపై మీకేమైనా అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా రాతపూర్వకంగా తెలుపగలరు. ఉత్తరం నిన్ననే పోస్టు చేశాను.