సవరణ: కంబోడియా టూర్, అనాథాశ్రమం గురించి

ఇంట్రెపిడ్ అనే ఆస్ట్రేలియా ట్రావెల్ కంపెనీ గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. మన్నించాలి.

మొదటిది చిన్నది. ఆ కంపెనీ తరఫున సేవా పనులకి వెళ్లే విరాళాలన్నీ కంపెనీ డబ్బే అన్నాను. కాదు. కంపెనీ 2002లో పెట్టిన సేవా సంస్థ ఇంట్రెపిడ్ ఫౌండేషన్‌కి ప్రయాణికులు ఇస్తారు, దానికి కంపెనీ ఒక పరిమితి వరకు తన వాటా కలుపుతుంది.

రెండోదే నన్ను బాధపెడుతోంది. కంబోడియా వెళ్తే పెన్నులు, బిస్కెట్లు పట్టుకుని ఓ అనాథాశ్రమం చూసి రమ్మని రాశాను. దయచేసి అలా వెళ్లకండి. అక్కడి ఆశ్రమాల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. చూడటానికి వచ్చేవాళ్లు డబ్బిస్తుంటే, పేదింటి పిల్లల్ని తెచ్చి ఆశ్రమాలు నింపేవాళ్లూ తయారవుతారు. మనం ఇచ్చే బిస్కెట్ ప్యాకెట్టే ఆ బిడ్డని అమ్మకి దూరం చేయొచ్చు. ఇంట్రెపిడ్ కూడా 2016లోనే తన టూర్లలోంచి ఈ సందర్శనలు తీసేసింది. నేను అది చూసుకోకుండా రాశాను.

సాయం చేయాలనుంటే వేరే దారి ఉంది. ఫ్రెండ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ నోమ్ పెన్‌లో రోమ్‌డెంగ్ అనే హోటల్ పెట్టి, వీధిన పడ్డ యువతకి వంట, వడ్డన నేర్పించింది. ప్లేటు తెచ్చే కుర్రాడి చొక్కా మీద 'విద్యార్థి' అని, పక్కన నిలబడి చూసుకునే ఆయన చొక్కా మీద 'టీచర్' అని ఇంగ్లిష్‌లో రాసి ఉండేది. అలాంటి చోట కడుపునిండా తిని బిల్లు కట్టండి. పాత పోస్టులో అనాథాశ్రమం గురించి రాసిన పేరా తీసేశాను.